సవర కార్పస్ కట్టినవారికి హెచ్-ఇండెక్స్ కొలబద్ద సరిపోతుందా?

పర్లాకిమిడి పాఠకుడు
భాషా కంప్యూటింగ్ పరిశోధకుల ఎంపిక సంఘం ముందు ఇద్దరి దరఖాస్తులు ఉన్నాయనుకుందాం. ఒకరి హెచ్-ఇండెక్స్ 22, అంటే కనీసం 22 సార్లు చొప్పున ఇతరులు ఉటంకించిన పేపర్లు 22 ఉన్నాయి; పని పెద్ద ఇంగ్లీషు భాషా మోడళ్ల మీద. రెండోవారిది 5, చేసింది సవర, కువి అనే గిరిజన భాషల వాక్యాలకు వ్యాకరణ ట్యాగులు వేసిన కార్పస్, అంటే పాఠాల భండారం. అంకె చూసి మొదటివారికే ఓటు వేయడం న్యాయమా? గిడుగు రామమూర్తి గారు సవరకి వ్యాకరణం, నిఘంటువు కట్టిన ఊరు మాది కాబట్టి అడుగుతున్నాను.

బరంపురం లెక్కలు
న్యాయమే అంటాను. అంకెలు తీసేస్తే మిగిలేవి సిఫారసు ఉత్తరాలు. అవి ఎవరికి సులువుగా దొరుకుతాయో చెప్పక్కర్లేదు. హెచ్-ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించిన హిర్ష్ భౌతికశాస్త్రవేత్త, లెక్క మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది. ఒకరి ఆరు పేపర్లకు సైటేషన్లు, అంటే ఉటంకింపులు, 40, 9, 7, 5, 4, 2 అనుకోండి. నాలుగో పేపరుకి 5 ఉన్నాయి, ఐదోదానికి నాలుగే. హెచ్ 4. ఆ 40 కాస్తా 4,000 అయినా హెచ్ నాలుగే. ఒక్క పేపరు పేరు చెప్పుకుని బతికేవారిని ఇది పైకెత్తదు.

గుణుపూర్ సవర
ఆ గుణమే ఇక్కడ దెబ్బ కొడుతుందండీ. ఏళ్లు పట్టే కార్పస్ మీద వచ్చేవి ఒకటో రెండో పేపర్లు. వందమంది వాడినా వాటితో హెచ్ రెండు దాటదు.
ఇంకోటి. సవరకి సోరాంగ్ సొంపెంగ్ లిపిని 1936లో మంగేయ్ గొమాంగో తయారుచేశారు. అది కంప్యూటర్లలో అక్షరాలకు ప్రమాణమైన యూనికోడ్‌లోకి వచ్చింది 2012లో, 6.1 వెర్షన్‌తో. ఆ ప్రతిపాదన ఎవరో కూర్చుని రాయకపోతే సవర పాఠాన్ని సొంత లిపిలో, ఏ యంత్రంలోనైనా ఒకేలా దాచుకోవడం కుదిరేది కాదు. టైపు చేసేవారు ప్రతిపాదనను ఉటంకించరు కదా!

సిరొంచ కోడ్
ముందు 22 అన్నది ఏడ చూసిండ్రో చెప్పుండ్రి. గూగుల్ స్కాలర్ ప్రీప్రింట్లు (అచ్చుకు ముందే నెట్ల పెట్టినవి), థీసిస్‌లు గూడ లెక్కేస్తది. స్కోపస్ అనే సైటేషన్ సూచిక ఏరిన జర్నళ్లు, సమావేశాలు, పుస్తకాలే చూస్తది. మన రంగంల పని ఎక్కువ సమావేశాలల్లనే అచ్చయితది. చిన్న భాషలవి ఇంకా కిందికి, వర్క్‌షాపులకు పోతయి. మన రంగం పేపర్లు దాచే ఏసీఎల్ ఆంథాలజీ సైటుల ఉచితంగ చదువుకోవచ్చు, గాని బయటి సూచికలన్నీ వాటిని ఎక్కించుకోవు.
పేర్ల లొల్లి వేరే. ఇంటిపేరు ముందట ఒకసారి, వెనుక ఒకసారి, పొడి అక్షరం ఒకసారి రాస్తే ఒక్క మనిషి ముగ్గురైతడు. లెక్కకు ముందు మూడు రూపాలూ వెతికి, పరిశోధకులకు ఉండే ఆర్కిడ్ గుర్తింపు నంబరుతోటి సరిచూడాలె. ప్రీప్రింటూ అచ్చు పేపరూ విడిగుంటే కలపాలె, లేకుంటే సైటేషన్లు రెండు చోట్ల చీలిపోతయి.

బరంపురం లెక్కలు
అవన్నీ లెక్క వేయడంలో తప్పులు, కొలమానం తప్పు కాదు. అంత అనుమానమైతే రంగాన్ని, ఏడాదిని బట్టి సరిచేసిన సూచిక స్కోపస్‌లోనే ఉంది. అందులో 1 అంటే ప్రపంచ సగటు.

రాయగడ ట్యాగర్
ఆ "రంగం" గంపలో భాషా మోడళ్లూ సవర కార్పసూ పక్కపక్కనే పడతాయి. ఇక అది సరిచేసేదేముంది?
సవర దాకా ఎందుకు, తెలుగే చూడండి. అనేక భాషల ట్రీబ్యాంకులు, అంటే వాక్యనిర్మాణం గుర్తించిన కార్పస్‌లు, ఒకచోట చేర్చే ప్రాజెక్టు యూనివర్సల్ డిపెండెన్సీస్‌లో ఎంటీజీ అనే తెలుగు ట్రీబ్యాంకు ఉంది, 1,328 వాక్యాలు. బహుభాషా పార్సర్లు (వాక్యనిర్మాణం విడదీసే ప్రోగ్రాములు) పరీక్షించేవారు దాన్ని వాడి, ఫలితాల పట్టికలో ఒక వరుస రాసి, సైటేషన్ మాత్రం మొత్తం ప్రాజెక్టు పేపరుకి ఇస్తుంటారు. వాక్యాలకు ట్యాగులు వేసినవారి ఖాతాలో సున్నా.
అందుకే సైటేషన్ జాబితా వదిలి, ట్రీబ్యాంకు పేరుతో పూర్తి పాఠంలో వెతకాలి. దొరికినవాటిలో ఓ ముప్పై పేపర్లు ఏ వరసా లేకుండా తీసి ఇద్దరు విడివిడిగా చదవాలి: ఊరికే ప్రస్తావనా, డేటా వాడారా, పద్ధతిని ముందుకు తీసుకెళ్లారా. ఇద్దరికీ పొసగని చోట్ల మూడోవారు. "ఇంకా చూడుడు" వరసలో పది పేపర్లతో కలిపి ఉటంకించినదాన్ని వాడకం కింద రాయకండి, అక్కడే అంకె ఉబ్బుతుంది.

బరంపురం లెక్కలు
రెండొందల దరఖాస్తులకు ముప్పై చొప్పున ఎవరు చదువుతారు? డేటా, మోడళ్లు పంచుకునే హగ్గింగ్ ఫేస్ సైటులో డౌన్‌లోడ్లు చూస్తే పోలేదా?

సిరొంచ కోడ్
అందరికీ ఎందుకు, చివర మిగిలిన ఐదుగురికి చదువుతే చాలు. ఆ డౌన్‌లోడ్ల అంకె మామూలుగ పోయిన నెలదే. క్యాషే, అంటే ఒకసారి దించింది దాచుకునుడు, లేకుంట రోజుకు పదిసార్లు నడిచే ఆటోమేటిక్ పరీక్ష ఒక్కటుంటే నెలకు మూడొందలు. మనిషి మాత్రం ఒక్కడే.