తండ్రీకొడుకుల సంఘం: ఏడాది పాటు నడిపినోళ్ళు ఎవరైనా ఉన్నారా?

ప్రశ్న (చిత్తూరు నుంచి)

మా వాడికి తొమ్మిదేళ్ళు. నేను ఇంటికొచ్చేసరికి నిద్రపోయుంటాడు. మా వీధిలో ఐదారుగురం కలిసి నెలకు రెండు ఆదివారాలు పిల్లోళ్ళతోనే గడపాలనుకుంటున్నాము. మొదలుపెట్టడం సులభమే, మూడో నెలకే ఆగిపోకుండా ఎట్లా?

జవాబు (తిరుపతి)

మాకు మొన్న జూన్‌కి ఏడాది నిండింది సార్. ఏడు జతలతో మొదలైనాము, నెలకు తలా నూరు రూపాయలు. కట్టుబాటు ఒకటే: నాయన పక్కన నిలబడి చూడకూడదు, కొడుకు చేసేది తానూ చేయాల.

మొదట శ్రీవారిమెట్టు ఎక్కినాము. 2,388 మెట్లు. నేను ఆయాసమొచ్చి కూలబడితే, పైకి పోయిన మావాడు నీళ్ళ సీసా పట్టుకొని మళ్ళీ దిగొచ్చినాడు. నవంబరులో వానలకు యాడికీ పోలేక ఒకరి వరండాలో చేరినాము. మాలో ఒకాయన మెకానిక్. సైకిల్ ట్యూబు బకెట్‌లో ముంచి, బుడగ యాడ లేస్తుందో పిల్లోళ్ళ చేతనే పట్టించి పంక్చర్ వేయించినాడు.

ఒక తప్పు కూడా చేసినాము. కబడ్డీ పోటీ పెడితే నాయనలే అరుచుకున్నారు, ఒక జత మానేసింది. పోటీలు మాత్రం వద్దు సార్.

ఇంకో పిల్లోడి నాయన కువైట్‌లో. వాడు మొదట్లో రాలేదు. మేమే పోయి వాళ్ళ తాతను పిలిచినాము. ఆయన వచ్చి అందరికీ కొబ్బరాకు బూర చుట్టడం నేర్పినాడు. ఆ పిల్లోడు వీడియో కాల్‌లో బూర ఊదితే వాళ్ళ నాయన చానాసేపు మాట్లాడలేదంట. మేలో గంగమ్మ జాతరకు సెలవు పెట్టి వచ్చినాడు. జాతరలో జనం వేసేవి, ఆడోళ్ళను వేధించి దాక్కున్న పాలెగాణ్ణి వెతకడానికి గంగమ్మ వేసిన వేషాలు కదా, మావాళ్ళందరిదీ బైరాగి వేషం. ఆయన కొడుక్కి తెల్లసుద్ద పూస్తా ఉంటే వాడు బిగుసుకొని నిలబడినాడు. రెండేళ్ళ తర్వాత చూస్తున్నాడు మరి. తర్వాత వాడే చెంబులో చెయ్యి ముంచి, నాయనకు చెయ్యందని వీపంతా పూసినాడు.

ఇంకొకరి జవాబు (నాయుడుపేట)

చలికాలంలో దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకురండి. నీళ్ళలో ఉన్న చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుంటాయి. పొద్దున్నే రండి, ఒక బైనాక్యులర్ చాలు, వంతులేసుకొని చూడొచ్చు. పిల్లోళ్ళను అరవనీకండి.

మరొకరి జవాబు (తిరుపతి)

మా పాపకు పదేళ్ళు. అన్నతో పాటు నాన్న తనను కూడా తీసుకుపోవాలని రోజూ అడుగుతుంది. పంక్చర్ వేయడం తనకూ రావాలి కదా అన్నా?

తిరుపతి ఆయన

నిజమేనమ్మా. వచ్చే ఆదివారం పంపించు, వాళ్ళ నాయన మాత్రం కచ్చితంగా రావాల.

ప్రశ్న అడిగినవారు

మా పక్కింటి పిల్లోడి నాయన కూడా గల్ఫ్‌లోనే, దుబాయ్‌లో ఉన్నాడు. ఈ సాయంత్రమే వాళ్ళ తాత దగ్గరికి పోతాను.