కేబుల్ బాక్సులో కొన్ని చానళ్లు రావు, ఒకదానికి పేరు తప్పు: రీసెట్ కొట్టొచ్చా?

బొబ్బిలి నుంచి ప్రశ్న:
లోకల్ కేబుల్, హెచ్‌డీ బాక్సు. కంట్రోల్ రూంలో చానళ్లు అటూ ఇటూ సర్దారట, అప్పట్నుంచి ఇదీ పరిస్థితి. డీడీ సప్తగిరి వస్తూనే ఉంది గానీ కింద పట్టీలో పేరు డీడీ యాదగిరి అని పడుతోంది. ఓ పదిహేను చానళ్లు ‘సిగ్నల్ లేదు’ అంటున్నాయి. రెండు సినిమా చానళ్లు ప్యాకులో ఉన్నా ‘సబ్‌స్క్రైబ్ చేయలేదు’ అని చూపిస్తున్నాయి. వైరు తీసి నేరుగా టీవీకి పెట్టి స్కాన్ చేస్తే పేర్లు బోలెడు దొరికాయి, బొమ్మ ఒక్కటీ లేదు. బాక్సు ఫ్యాక్టరీ రీసెట్ చేసేస్తే సరిపోతుందంటున్నారు. నిజమేనా?

రాజాం నుంచి జవాబు:
ఇప్పుడే కొట్టకండి. మీరు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులండీ, మూడింటికీ రీసెట్ మందు కాదు.

ముందు టీవీ సంగతి. డిజిటల్ కేబుల్‌లో చానళ్లన్నీ తాళం వేసి (ఎన్‌క్రిప్ట్ చేసి) పంపాలని 2011 చట్ట సవరణలోనే ఉంది, ఉచిత చానళ్లకూ అదే రూలు. టీవీ ట్యూనర్ పేర్లు చదవగలదు, తాళం తీయలేదు. అది టీవీ లోపం కాదు, ఆ దారి వదిలేయండి.

‘సబ్‌స్క్రైబ్ చేయలేదు’ అంటే సిగ్నల్ బాగానే ఉంది, అనుమతే అందలేదని అర్థం. బాక్సు అడుగున ఉన్న నంబరు ఆపరేటర్‌కి చెప్పి ‘రీఫ్రెష్’ పంపమనండి. అది పంపేటప్పుడు బాక్సు ఆన్‌లో, ఏదో ఒక చానల్ మీద ఉండాలి. స్విచ్ కట్టేసిన బాక్సుకి ఆ ఆదేశం చేరదు. అరగంట ఆగి చూడండి.

పేరు విషయానికి, అదే ఆపరేటర్ లైను ఉన్న ఇంకో ఇంట్లో చూడండి. అక్కడా యాదగిరి అనే పడితే తప్పు కంట్రోల్ రూంది. చానల్ పేర్ల పట్టిక అక్కడి నుంచే వస్తుంది, మీరు ఎన్నిసార్లు స్కాన్ చేసినా అదే పేరు దిగుతుంది. 2014లో రాష్ట్రం విడిపోయాక సప్తగిరి మనకీ, యాదగిరి తెలంగాణకీ వెళ్లాయి కదా, ఈ రెండిటినీ తారుమారు చేయడం తేలిక. మీ ఒక్క ఇంట్లోనే తప్పు పడితే బాక్సులో పాత జాబితా నిల్వ ఉండిపోయింది, కొత్తగా స్కాన్ చేస్తే పోతుంది.

స్కాన్‌కి ముందు ఒక్క పని తప్పకుండా చేయండి. ఇన్‌స్టాలేషన్ మెనూలో మెయిన్ ఫ్రీక్వెన్సీ, సింబల్ రేటు, క్వామ్ అని, బాక్సు చానళ్లని వెతకడానికి వాడే అంకెలు ఉంటాయి. ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. మన దగ్గర ఎక్కువ చోట్ల సింబల్ రేటు 6875, క్వామ్ 64. మెయిన్ ఫ్రీక్వెన్సీ మాత్రం నెట్‌వర్క్‌ని బట్టి మారుతుంది. రీసెట్‌తో అది చెరిగి కంపెనీ అంకె వచ్చిందంటే స్కాన్‌లో సున్నా చానళ్లు! ఉన్నవీ పోయాయని జనం కంగారుపడేది ఇక్కడే.

టెక్కలి నుంచి జవాబు:
ఆ పదిహేను చానళ్ల గురించి నేను చెబుతాను. ఒక ఫ్రీక్వెన్సీ మీద పదికి పైగా చానళ్లు కలిసి వస్తాయి. గుంపుగా పోయాయంటే ఆ ఫ్రీక్వెన్సీయే పోయిందన్నమాట. అలాంటి చానల్‌లో ఉండగా రిమోట్‌తో సమాచారం పేజీ తెరిస్తే ఫ్రీక్వెన్సీ, సిగ్నల్ క్వాలిటీ కనిపిస్తాయి. బాగా వచ్చే చానల్‌దీ చూసి రెండూ రాసుకోండి.

పోయినవి 600, 700 మెగాహెర్ట్జ్‌ల పైవైతే వైరు పొడవు, తడి, పాత స్ప్లిట్టర్ (ఒక లైనుని చాలా టీవీలకి పంచే డబ్బీ)లను అనుమానించాలి. ఇళ్లకి వేసే ఆర్‌జీ6 కేబుల్ వైరులో 100 మీటర్లకి 100 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 7 డీబీ (సిగ్నల్ కొలత) పోతే, 800 దగ్గర 20 దాకా పోతుంది. నాలుగు దారుల స్ప్లిట్టర్ ఇంకో 7 డీబీ తినేస్తుంది. అందుకే పై ఫ్రీక్వెన్సీలు ముందు చస్తాయి. కింది ఫ్రీక్వెన్సీలు పోయి పైవి వస్తుంటే మధ్య రాగి తీగ ఎక్కడో తెగి, అంచులు దగ్గరగా ఉన్నాయేమో చూడండి. ఆ సందు దాటి పైవే పోగలవు.

వైరు చివరి పిన్ను (కనెక్టర్) విప్పండి. మధ్య రాగి తీగ పిన్ను అంచు దాటి 2, 3 మిల్లీమీటర్లు బయటికి రావాలి, చుట్టూ ఉండే జాలీ తీగ ఒక్క పోగు కూడా దాన్ని తాకకూడదు. ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంటే గీకి వాడకండి, ఓ అంగుళం కోసేసి కొత్త పిన్ను వేయండి. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రపు గాలి ఊళ్లలో తిప్పి బిగించే పిన్ను ఎక్కువ కాలం నిలవదు, పనిముట్టుతో నొక్కి బిగించే క్రింపింగ్ పిన్నే వేయించుకోవాలి.

ఇచ్ఛాపురం నుంచి జవాబు:
మా వైపు వాళ్లకి ఇంకోటి. తెలుగు చానళ్లు ఉండాల్సిన నంబర్లలో ఒడియా చానళ్లు వస్తుంటే, బాక్సు ఒడిశా జోన్ కింద యాక్టివేట్ అయిందేమో అడగండి. కొన్ని నెట్‌వర్క్‌లు జోన్‌ని బట్టి నంబర్ల వరస మారుస్తాయి. జోన్ మార్చాక మళ్లీ స్కాన్ చేయాలి.

బొబ్బిలి నుంచి:
రీఫ్రెష్ పంపించారు, సినిమా చానళ్లు రెండూ వచ్చాయి. పక్కింట్లో కూడా యాదగిరి పేరే. పోయిన గుంపు 722 మెగాహెర్ట్జ్, క్వాలిటీ సున్నా. 300 చిల్లర దగ్గర బాగుంది. పక్కింట్లో ఆ పదిహేనూ వస్తున్నాయి.

టెక్కలి నుంచి:
అయితే లోపం మీ ఇంటి వైపే ఉందండీ, స్తంభం నుంచి వచ్చే డ్రాప్ వైరులోనో స్ప్లిట్టర్‌లోనో. స్ప్లిట్టర్ తీసేసి లైను నేరుగా బాక్సుకి పెట్టి చూడండి. అలా వస్తే స్ప్లిట్టర్ మార్చండి, రెండు టీవీలే ఉంటే రెండు దారులది చాలు. అప్పటికీ రాకపోతే లైన్‌మన్‌ని మీటరుతో రమ్మని, 722 దగ్గర స్తంభం మీద ఒకసారి, బాక్సు దగ్గర ఒకసారి కొలవమనండి. బాక్సు దగ్గర సిగ్నల్ బలం 50 నుంచి 65 డీబీ మైక్రోవోల్టులు, ఎంఈఆర్ (సిగ్నల్ నాణ్యత అంకె) సుమారు 30 డీబీ ఉండాలి. స్తంభం దగ్గర బాగుండి ఇంట్లో పడిపోతే మధ్య వైరు మొత్తం మార్చాల్సిందే, జాయింట్లు వేయనివ్వకండి. ఇంట్లోకి వచ్చే చోట వైరు కిందికి వంపు తిరిగి లోపలికి వెళ్లేలా కట్టించండి, వాన నీరు పిన్నులోకి జారదు. పేరు సంగతికి ఆపరేటర్‌కి చానల్ నంబరు, తెరమీది ఫొటో పంపితే చాలు, కంట్రోల్ రూంలో దిద్దాక బాక్సు ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి.