ఇలాయచీ యాడ్‌ని క్లాసులో చూపించవచ్చా?

సోషల్ టీచర్, బాపట్ల: ఐపీఎల్ మ్యాచ్ మధ్యలో గుట్కా, మందు బ్రాండ్ల పేర్లతోనే ఇలాయచీ, సోడా, మ్యూజిక్ సీడీల యాడ్లు వస్తుంటాయి కదా. వాటిని ఎనిమిదో తరగతి పిల్లలకు చూపించి, ‘ఇక్కడ నిజంగా అమ్ముతున్నది ఏమిటి?’ అని అడగాలనుకుంటున్నాను. మా హెడ్‌మాస్టర్ గారు వద్దంటున్నారు. పొగాకు ప్రకటనల్ని 2003 చట్టమే నిషేధించింది, అలాంటివాటిని మనమే బడిలోకి తేవడమేంటి అని ఆయన వాదన. మీరేమంటారు?

శ్రీలత: ఆయన చెప్పిందే కరెక్టు. మావాడికి పదమూడేళ్ళు. ఆ బ్రాండ్ల పేర్లు వాడికింకా తెలియవు, టీచరే పరిచయం చేసినట్టవుతుంది. పాడైన ఊపిరితిత్తుల బొమ్మ చూపించి క్యాన్సర్ గురించి చెప్పండి, చాలు.

మాజీ యాడ్ మనిషి: తెలియదని మనం అనుకుంటాం మేడమ్. వాడిని ఐపీఎల్ జట్ల పేర్లు చెప్పమనండి. బెంగళూరు జట్టుకు ఆ పేరు రాయల్ ఛాలెంజ్ అనే విస్కీ నుంచే వచ్చింది. 1991లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో ఆరేళ్ళ పిల్లలు సిగరెట్ కంపెనీ ఒంటె బొమ్మను మిక్కీ మౌస్‌తో సమానంగా గుర్తుపట్టారు.

ఈ సరొగేట్ యాడ్లను, అంటే వేరే సరుకు ముసుగులో మందు, గుట్కా పేర్లను గుర్తుచేసే యాడ్లను, విప్పి చూపించడం కష్టమేమీ కాదు. సోడా యాడ్‌లో సోడా గురించి ఒక్క ముక్క ఉండదు. రుచి చెప్పరు, ధర చెప్పరు. దోస్తులు, గెలుపు, పెద్ద కారు, చివర్లో పేరు. ఆ అక్షరాల తీరు, రంగు మాత్రం మందు సీసా మీద ఉన్నవే. ‘ఈ సీడీని మీ ఊళ్ళో ఎవరైనా కొన్నారా?’ అని అడగండి. క్లాసంతా నవ్వుతుంది, సగం పాఠం అక్కడే అయిపోతుంది.

హౌస్ సర్జన్: ఊపిరితిత్తుల బొమ్మతో ఈ వయసు పిల్లలు భయపడరు శ్రీలత గారూ. నలభై ఏళ్ళ తర్వాత వచ్చే జబ్బు వాళ్ళకు పట్టదు. తమను ఎవడో వెర్రివాళ్ళను చేస్తున్నాడంటే మాత్రం ఒళ్ళు మండుతుంది. ఫ్లోరిడాలో 1998లో మొదలైన ‘ట్రూత్’ ప్రచారం ఆ కోపాన్నే వాడుకుంది. కంపెనీలు ఎలా వల వేస్తాయో టీనేజర్ల చేతే చెప్పించారు. రెండేళ్ళలో అక్కడి మిడిల్ స్కూల్ పిల్లల్లో పొగతాగడం దాదాపు 40 శాతం తగ్గింది.

కిరాణా కొట్టు: డాక్టర్ గారూ, అది బడి పాఠం కాదు. కంపెనీల నుంచి కోర్టు కేసులో రాబట్టిన డబ్బుతో నడిపిన భారీ ప్రచారం. పైగా అదే సమయంలో అక్కడ సిగరెట్ల ధర కూడా పెరిగింది. ఒక్క పీరియడ్‌తో దాన్ని పోల్చడం ఏం న్యాయం? మా కొట్టుకు సేల్స్ వాళ్ళు వచ్చి, సిగరెట్ ర్యాక్ ఉచితంగా ఇచ్చి, చాక్లెట్ డబ్బాల పక్కనే పెట్టమంటారు. ముందు వాళ్ళను ఆపండి. పిల్లలకు పాఠం చెప్పేశాం అనుకుంటే ప్రభుత్వం చేతులు దులుపుకోవడానికి ఇంకో సాకు దొరుకుతుంది.

నెల్లూరు పెద్దాయన: పాఠాన్ని మరీ తీసిపారేయకు బాబూ. మా జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు అక్షరాస్యత వాచకంలో సారాపై పోరాడిన సీతమ్మ కథ చదివి, 1992లో సారా కొట్టు మూయించారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం.

కిరాణా కొట్టు: వాళ్ళ సంసారాలే గుల్లయ్యాయి కాబట్టి కదిలారు బాబాయ్. ఎనిమిదో క్లాసు వాడికి ఇందులో పోయేదేముంది? అయినా వాళ్ళు మూయించింది కొట్టునే కదా. నేను చెప్పేదీ అదే.

మాజీ యాడ్ మనిషి: టీచర్ గారూ, పేరు కనిపించే చివరి భాగం కత్తిరించండి. ముందు సౌండ్ లేకుండా, తర్వాత సౌండ్‌తో చూపించండి. పాట లేకపోతే హీరో ఎంత మామూలుగా ఉంటాడో వాళ్ళే చెబుతారు. అప్పుడు హెడ్‌మాస్టర్ గారికీ అభ్యంతరం ఉండదు.

శ్రీలత: పేరు తీసేస్తే నాకూ ఓకే. కానీ ఒక సందేహం. ఆ యాడ్‌లో ఉన్న హీరో అంటే మావాడికి ప్రాణం. ఆయన తప్పు చేశాడని మీరే చెప్తారా?

సోషల్ టీచర్, బాపట్ల: నేను చెప్పనండి, చెబితే గొడవ హీరో మీదికి మళ్ళుతుంది. 2021లో అమితాబ్ బచ్చన్, 2022లో అక్షయ్ కుమార్ ఇలాంటి యాడ్ల నుంచి తప్పుకున్న వార్తలు చేతికిస్తాను. అక్షయ్ అభిమానులకు క్షమాపణ కూడా చెప్పాడు. ఎందుకు చెప్పాల్సి వచ్చిందో పది వాక్యాల్లో వాళ్ళనే రాయమంటాను. హెడ్‌మాస్టర్ గారిని సోమవారం మళ్ళీ అడుగుతాను.