డిస్కు పోతే గేమ్ షాపుకి మిగిలేదేంటి?

రెండోప్లేయర్:
ప్రశ్న పాతదే, ఈసారి తేల్చుకుందాం. గేములు డౌన్‌లోడ్ చేసుకోవడం అలవాటయ్యాక గేమ్ షాపులు బొమ్మలు, టీషర్టులు, జనం సేకరించి చేతులు మార్చుకునే ట్రేడింగ్ కార్డులు పెట్టడం మొదలెట్టాయి. అదే సరైన దారి అని నేనంటాను. అమెరికాలో గేమ్ షాపుల గొలుసు గేమ్‌స్టాప్ 2015లో బొమ్మలు, టీషర్టులు అమ్మే థింక్‌గీక్ సైటు నడిపే కంపెనీని కొనేసింది. 2024లో కార్డు ఎంత బాగుందో చూసి గ్రేడు వేసే పీఎస్ఏ కంపెనీతో కలిసింది. 2025 ఆర్థిక సంవత్సరం మొదటి త్రైమాసికంలో వాళ్ల బొమ్మలు, కార్డుల అమ్మకం గేమ్ సాఫ్ట్‌వేర్ అమ్మకాన్ని దాటేసింది. ఇంకా డిస్కులు పట్టుకుని వేలాడేవాళ్లు దుకాణం కట్టేయాల్సిందే. కాదంటే ఎందుకో చెప్పండి. చిన్నప్పటి జ్ఞాపకాలతో మాత్రం మొదలుపెట్టొద్దు, దండం పెడతా.

కౌంటర్‌వెనక:
కాదంటాను. జ్ఞాపకాలు వద్దన్నారు కాబట్టి లెక్కతోనే మొదలుపెడతా. నేను గేమ్ షాపులో ఆరేళ్లు పనిచేశాను, పేరు అనవసరం. కొత్త గేమ్ అమ్మితే షాపుకి మిగిలేది అంతంతమాత్రం. పాత గేమ్ మీదే అసలు ఆదాయం. అనుమానముంటే 2010 తర్వాత గేమ్‌స్టాప్ వేసిన వార్షిక నివేదికలు తిరగెయ్యండి. కొత్త గేముల మీద స్థూల లాభం నూటికి 20 పైచిలుకు, పాతవాటి మీద 45 పైమాటే.

అది కౌంటర్ దగ్గర ఎలా ఉండేదో చెప్తా. ఒకసారి ఓ కుర్రాడు వచ్చి సంచి బోర్లించాడు. తొమ్మిది డిస్కులు. అందులో నాలుగు పాత ఏళ్ల ఫుట్‌బాల్ గేములే, వాటిని ఉచితంగా ఇచ్చినా ఎవరూ తీసుకోరు. ఒక్కో డిస్కు వేలికి తగిలించి ట్యూబ్‌లైట్ కింద వంచి చూశాను. మధ్యలోంచి అంచుకి గీత ఉంటే ఫర్వాలేదు, డిస్కు తిరిగే దారి వెంబడి గుండ్రంగా పడితేనే తంటా. డీవీడీ అయితే మెషిన్ మీద పాలిష్ పట్టి లేపొచ్చు. బ్లూరేలో డేటా పొర పైనుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, దాన్ని రుద్దితే గీతతో పాటు గేమూ పోతుంది. ఇవన్నీ చూసి వెల కట్టాలి. వాడు ఆ తొమ్మిదీ ఇచ్చి, పైన కాస్త చిల్లర వేసి, ఆ రోజే విడుదలైన గేమ్ పట్టుకెళ్లాడు. మిగతా ఐదూ వారం తిరక్కుండా అమ్ముడైపోయాయి.

మా షాపులో చెలామణి అయిన డబ్బు అదే. డౌన్‌లోడ్ వచ్చి దెబ్బకొట్టింది కొత్త గేముల అమ్మకాన్ని అనుకుంటారు అందరూ. అసలు దెబ్బ ఆ సంచికి తగిలింది. డౌన్‌లోడ్ చేసిన గేమ్ ఎవరి సంచిలోకీ రాదు.

క్లౌడ్‌బాబు:
అన్నా, కథ బాగుంది. కానీ ఆ ఐదు డిస్కులు మళ్లీ అమ్ముడైతే గేమ్ తీసినవాళ్లకి ఏం వచ్చింది? పైసా రాలేదు. అందుకేగా గేములు తీసే ఈఏ కంపెనీ 2010లో ఆన్‌లైన్ పాస్ పెట్టింది, పాత కాపీ కొన్నవాడు ఆన్‌లైన్ ఆడాలంటే విడిగా కట్టాలని.

నా వరకైతే డిస్కు మార్చడానికి సోఫా లేవక్కర్లేదు, అదొక్కటి చాలు. పీసీ గేములు డౌన్‌లోడ్‌గా అమ్మే స్టీమ్ స్టోర్ డిస్కౌంట్లలో మీ పాత కాపీ కంటే తక్కువకే కొత్తది వస్తుంది. షాపులు మారడం లేదని ఏడవడం దేనికి, కాలం తీరిపోయింది అంతే.

కౌంటర్‌వెనక:
క్లౌడ్‌బాబూ, పైసా రాలేదన్నది సగం నిజం. ఆ తొమ్మిది పాతవి తీసుకున్నాం కాబట్టే వాడు ఒక కొత్తది కొన్నాడు, దాని డబ్బు వాళ్లకే చేరింది. ఇక ఆన్‌లైన్ పాస్ సంగతి చెప్పినవాళ్లు దాన్ని 2013లో ఈఏనే ఎత్తేసిందనీ చెప్పాలి. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన కొత్త గేమ్ మెషిన్ ఎక్స్‌బాక్స్ వన్‌కి రోజుకోసారి నెట్‌లో హాజరు వేయించుకోవాలనీ, పాత డిస్కుల మీద షరతులుంటాయనీ చెప్పింది. జనం విరుచుకుపడ్డారు. జూన్ 19కల్లా వెనక్కి తగ్గింది. అమ్ముకునే హక్కు ఎవరికీ అక్కర్లేకపోతే అంత గొడవ ఎందుకయింది?

డిస్కౌంట్ల మాట మాత్రం ఒప్పుకుంటా. పీసీ గేముల్లో మేం ఎప్పుడో చేతులెత్తేశాం. 2004లో హాఫ్‌లైఫ్ 2 గేమ్ డబ్బా కొన్నవాళ్లు కూడా స్టీమ్ ఖాతా తెరవాల్సి వచ్చినప్పుడే ఆ షెల్ఫు కథ ముగిసింది.

రెండోప్లేయర్:
సరే, సంచి పోయింది. మరి షాపులే డౌన్‌లోడ్‌లు అమ్మొచ్చుగా? కోడ్ కార్డులు పెట్టి?

సేవ్‌పాయింట్:
పెట్టారు. ఉండనిచ్చారా? 2019 ఏప్రిల్ 1 నుంచి ప్లేస్టేషన్ పూర్తి గేముల డౌన్‌లోడ్ కోడ్‌లు బయటి షాపుల్లో అమ్మకుండా సోనీ ఆపేసింది. వాలెట్‌లో డబ్బు వేసుకునే కార్డులు మాత్రం మిగిలాయి. ఏప్రిల్ ఫూల్ అనుకున్నాం మొదట. సొంత స్టోర్ ఉన్నవాడు గిరాకీని పక్క దుకాణానికి ఎందుకు పంపుతాడు?

2020లో మైక్రోసాఫ్ట్, గేమ్‌స్టాప్ కుదుర్చుకున్న ఒప్పందం కొంచెం వేరు. షాపు అమ్మిన ఎక్స్‌బాక్స్ మీద తర్వాత జరిగే డౌన్‌లోడ్ కొనుగోళ్లలో షాపుకీ కాస్త వాటా. వినడానికి బాగానే ఉంది కానీ, ఇచ్చేవాడి దయ మీద నడిచే వ్యాపారం అది.

బొమ్మలషాపు:
నాది చిన్న షాపు, అందుకే అడుగుతున్నా. ఈ చర్చలో నాకు పనికొచ్చేది ఒక్కటీ కనబడట్లేదు. డిస్కుల షెల్ఫు సగం ఖాళీ. ఫిగర్లు (గేమ్ పాత్రల బొమ్మలు), టీషర్టులు తెచ్చి పెట్టా. టీషర్టులు అలాగే పడి ఉన్నాయి, దుమ్ము దులపడం తప్ప పనిలేదు. కార్డులు మాత్రం కదులుతున్నాయి. ఎందుకో అర్థం కావట్లేదు. అందరూ గేమర్లేగా కొనేది?

కౌంటర్‌వెనక:
నేను చెప్పాలనుకున్నది సరిగ్గా ఇదే. టీషర్టు ఒకసారి బయటికెళ్తే మళ్లీ కౌంటర్‌కి రాదు. కార్డు వస్తుంది. వాడు తెస్తాడు, మీరు మూలలు అరిగాయా, అంచులు తెల్లబడ్డాయా చూస్తారు, వెల కడతారు, ఇంకొకడికి అమ్ముతారు. నేను డిస్కుతో చేసిన పనే. గేమ్ షాపుకి చేతనైన విద్య ఇదొక్కటే: వాడిన వస్తువు చూసి ధర చెప్పడం. రెండోప్లేయర్ గారు కార్డుల విజయాన్ని కొత్త దారి అంటున్నారు. అది పాత దారే, సరుకు మారింది.

ఆ విద్యని వదిలేసి పోయిన ప్రతిసారీ బోర్లా పడ్డారు. గేమ్‌స్టాప్ 2013లో సెల్‌ఫోన్ షాపుల గొలుసు స్ప్రింగ్ మొబైల్‌ని కొంది, తర్వాత అమ్మేసుకుంది. మీరు చెప్పిన థింక్‌గీక్ సైటు 2019లో మూతపడింది. 2022 జులైలో ఎన్‌ఎఫ్‌టీల (డిజిటల్ వస్తువుల యాజమాన్య టోకెన్లు) సంత తెరిచారు, 2024 ఫిబ్రవరికి కట్టేశారు. ఇవేవీ జనం సంచిలో తెచ్చేవి కావు.

రెండోప్లేయర్:
అంత సూటిగా ఉంటే ఇంగ్లండ్‌లో గేమ్ అనే పేరున్న షాపుల గొలుసు 2024 ఫిబ్రవరిలో పాతవి తీసుకోవడమే ఎందుకు ఆపేసింది? వాళ్లకి లెక్కలు రావా?

సేవ్‌పాయింట్:
వాళ్లని 2019లో క్రీడా దుస్తుల షాపులున్న గ్రూపు కొనేసింది. పెద్ద దుకాణంలో ఒక మూల ఇచ్చారు. ఆ మూలలో డిస్కు వంచి చూసేవాడు ఎవడుంటాడు? అదే దేశంలో సీఈఎక్స్ అనే షాపుల గొలుసు 1992 నుంచి వాడిన గేముల మీదే పెరిగి, ఫోన్లు, సినిమా డిస్కుల్లోకి కూడా వెళ్లింది. కొంటుంది, అమ్ముతుంది.

కానీ కౌంటర్‌వెనక గారి వాదనలో ఒక చిల్లు ఉంది. నేను పాత క్యాట్రిడ్జ్‌లు (గేమ్ ఉండే ప్లాస్టిక్ డబ్బీలు) రిపేరు చేస్తా, అందుకే తెలుసు. రేపు పాతబడాలంటే ఇవాళ కొత్తగా డిస్కు రావాలి కదా? 2023లో అలన్ వేక్ 2 గేమ్ మొదట డౌన్‌లోడ్‌గానే వచ్చింది, డిస్కు ఏడాదికి వచ్చింది. 2024లో ప్లేస్టేషన్ మెషిన్ పీఎస్5 ప్రో డిస్కు డ్రైవ్ లేకుండానే వచ్చింది, కావాలంటే విడిగా కొనాలి. ఊట ఆగాక చెరువు ఎన్నాళ్లుంటుంది? రెట్రో, అంటే పాతకాలం గేముల వ్యాపారం, ఉన్నవాటినే తిప్పి తిప్పి అమ్మడం.

క్లౌడ్‌బాబు:
ఇప్పుడు దారికొచ్చారు :) పైగా 2025లో నింటెండో మెషిన్ స్విచ్ 2 గేమ్ కీ కార్డులు చూశారా? కార్డులో గేమ్ ఉండదు, తాళంచెవి మాత్రమే.

కౌంటర్‌వెనక:
చూశాను, మీరంత వెటకారంగా చూడలేదు. ఆ కార్డు చేతులు మారుతుంది. అంటే కౌంటర్ మీదికి వస్తుంది. సర్వర్ ఉన్నన్నాళ్లే, ఒప్పుకుంటా, మొదటిసారి డౌన్‌లోడ్ కాకపోతే ప్లాస్టిక్ ముక్కే. అయినా ఏ కార్డూ లేని గేమ్ కంటే నయం. కోర్టుల మీద ఆశ పెట్టుకోలేం. స్టీమ్ గేములు తిరిగి అమ్ముకోవచ్చని ఫ్రాన్స్‌లో 2019లో ఒక కోర్టు అంటే, 2022లో పై కోర్టు కొట్టేసింది.

సేవ్‌పాయింట్ చెప్పిన చిల్లు నిజమే, నా దగ్గర అతుకు లేదు. బొమ్మలషాపు గారూ, మీకు మాత్రం ఒకటే చెప్తా. టీషర్టులు తీసి ఆ చోట ఒక బల్ల వెయ్యండి. మంచి లైటు పెట్టండి. "మీ పాతవి చూస్తాం" అని రాసిపెట్టండి. కార్డో, క్యాట్రిడ్జో, కంట్రోలరో, ఏదొస్తే అది.

రెండోప్లేయర్:
టీషర్టుల మాట వెనక్కి తీసుకుంటున్నా. ఫిగర్ల మాట తీసుకోను.

బొమ్మలషాపు:
బల్ల రేపే వేస్తా. సేవ్‌పాయింట్ గారూ, పనిలో పని. ఒకరు పోకెమాన్ గోల్డ్ క్యాట్రిడ్జ్ తెచ్చారు, ఆట మొదలవుతోంది కానీ సేవ్ అవట్లేదు. కొనొచ్చా?

సేవ్‌పాయింట్:
కొనండి. లోపలి బ్యాటరీ అయిపోయింది. ఆ గేమ్‌లో గడియారం కూడా దాని మీదే నడుస్తుంది, అందుకే ముందు చస్తుంది. సోల్డర్ చెయ్యడానికి రేకు ట్యాబులు ఉన్న సీఆర్2025 బిళ్ల బ్యాటరీ తెచ్చుకుని సోల్డర్ చెయ్యాలి, టేపుతో అతికించొద్దు, వారానికే కదిలిపోతుంది. తెచ్చినాయన్ని ముందే అడగండి, పాత సేవ్ కావాలా అని. కావాలంటే మాత్రం లేదని చెప్పండి, అది ఎప్పుడో పోయింది.