అమ్మానాయనలకు తిరుపతిలో అసిస్టెడ్ లివింగ్: చేర్చే ముందు ఏం చూడాలి?

ప్రశ్న (చిత్తూరు)
నాయనకు 78. పక్షవాతం తర్వాత కుడిచేతికి పట్టు లేదు, కర్రతో నడుస్తారు, స్నానానికి మనిషి కావాలి. అమ్మకు 72, రెండుపూటలా ఇన్సులిన్, చూపు మందం. సీనియర్ ఫ్లాట్లు, అసిస్టెడ్ లివింగ్, వృద్ధాశ్రమం అంటున్నారు. తేడా ఏంది? ఏమేం అడగాలి?

జవాబు 1 (నర్సింగ్)
బోర్డు మీద పేరు చూసి పోవద్దండి. స్నానం, బట్టలు, మరుగుదొడ్డి, మంచం దిగి కుర్చీలో కూర్చోవడం, మలమూత్రాల అదుపు, తినడం: ఈ ఆరూ సొంతంగా చేసుకోగలిగితే సీనియర్ ఫ్లాటు చాలు. ఒకటి రెండింటికి చెయ్యి సాయం కావాలంటే అసిస్టెడ్ లివింగ్. మంచాన పడితే నర్సింగ్ కేర్ ఉన్నచోటే, ఎందుకంటే రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి. వృద్ధాశ్రమాలు చాలావరకు నడవగలిగినవాళ్లనే తీసుకుంటాయి. మీ అమ్మానాయనలకు అసిస్టెడ్ లివింగే సరి.

ఇన్సులిన్ ఎవరు వేస్తారో గట్టిగా అడగండి. నర్సు వెయ్యాలి, అటెండెంటు కాదు. సూది వేశాక టిఫిన్ ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది, అదీ రాత్రిపూటైతే ఎవరికీ తెలీదు. అందుకే వంటగది టైము, రాత్రి షుగర్ చూసే మనిషి, రెండూ ముఖ్యం.

జవాబు 2
పగలు చూసొచ్చి సంతకం పెట్టొద్దన్నా. రాత్రి తొమ్మిది దాటాక పోయి, డ్యూటీలో ఎందరున్నారో మీరే లెక్కపెట్టండి. బాత్రూములో కడ్డీ, కమోడ్ మీద కూర్చుంటే ఎడమపక్కకు రావాలి. కుడిపక్కనుంటే నాయనకు పనికిరాదు. ర్యాంపు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవన్నా ఉండాలి. లిఫ్టుకు జనరేటర్ ఉందా? అర్ధరాత్రి స్విమ్స్ ఆసుపత్రికో రుయా ఆసుపత్రికో తీసుకెళ్లాల్సి వస్తే తోడు ఎవరు వస్తారు?

ప్రశ్న అడిగినవారు
డబ్బు సంగతి? ఆయుష్మాన్ కార్డు పనికొస్తుందా?

జవాబు 3
70 దాటినవాళ్లకు ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రిలో చేరితేనే, అదీ ఇద్దరికీ కలిపి. హోము ఫీజుకు రాదు. ఆ ఫీజులో డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ కలిసున్నాయో లేదో రాతలో తీసుకోండి. డిపాజిట్ ఎన్నాళ్లకు తిరిగిస్తారు, ఆరోగ్యం దిగజారితే ఎంత గడువిచ్చి పంపిస్తారు, ఈ రెండూ లేని ఒప్పందం వద్దు.

ఒక నెల ఉండి చూడనివ్వండి. చిత్తూరు ఇల్లు అప్పటిదాకా అమ్మొద్దు. మీ పేరున రాయించుకునేట్టుంటే, వాళ్లను మీరు పోషించాలన్న షరతు పత్రంలోనే రాయించండి. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) 23వ సెక్షన్ కింద ఆ పత్రం రద్దు కోరే హక్కు వాళ్లకు దాన్నిబట్టే నిలుస్తుంది. సందేహాలుంటే వృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567, ఉచితం.