ఎంజీబీ ఇంజిన్ బోరుకొచ్చింది: స్టాండర్డ్‌గానే కట్టాలా, 1950 సీసీకి పెంచాలా?

థేమ్స్_గట్టు

అందరికీ నమస్కారం. నా దగ్గర 1972 ఎంజీబీ జీటీ (ఎంజీ కంపెనీ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, గట్టి పైకప్పు ఉన్నది) ఉంది. నేను ఉండేది ఆక్స్‌ఫర్డ్ దగ్గర, అంటే ఈ కారు పుట్టిన అబింగ్డన్‌కి పక్కనే. కొంతకాలంగా బండి ఆయిల్ తాగుతోంది. యాక్సిలరేటర్ వదిలి దిగుడులో వస్తుంటే వెనక నీలిపొగ కొడుతోంది. వేడెక్కాక రోడ్డు మీద ఆయిల్ ప్రెషర్ 35 పీఎస్‌ఐ దాటడం లేదు, పుస్తకం ప్రకారం 50 నుంచి 80 మధ్య ఉండాలి.

ఇంజిన్ దింపి లేత్ షాపులో కొలిపించాను. ఇదివరకే ఎవరో సిలిండర్ల బోర్ (లోపలి వ్యాసం) 20 థౌ ఓవర్‌సైజ్ చేశారు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). ఇప్పుడు 40 థౌకి పోక తప్పదు. అలా పోతే 1798 సీసీ ఇంజిన్ 1845 అవుతుంది. క్రాంక్ గ్రైండింగ్, కొత్త బేరింగులు, వాల్వ్ గైడ్లు ఎలాగూ ఉన్నాయి.

షాపాయన ఇంకో మాట చెప్పాడు. ఎలాగూ బోర్ చేస్తున్నప్పుడు 83.57 మి.మీ. దాకా పోతే 1950 సీసీ వస్తుందట. దానికి ఫాస్ట్ రోడ్ కామ్ (వాల్వులు తెరిచే షాఫ్టులో కాస్త చురుకైన రకం), హెడ్ (వాల్వులుండే పై భాగం) పని తోడైతే బండి పికప్పే మారిపోతుందట. లేబర్‌లో పెద్ద తేడా లేదు, పిస్టన్ల ఖరీదే ఎక్కువ. నా వాడకం వారాంతాల్లో పల్లె రోడ్లు, అప్పుడప్పుడు వేల్స్ వైపు లాంగ్ ట్రిప్పులు. కామ్ సంగతి తర్వాత, ముందు బోర్ సంగతి తేల్చుకోవాలి. మీరైతే ఏం చేస్తారు?

పాతఇనుము

40 థౌ దగ్గర ఆగండి. నా కారణం డబ్బు కాదు, అమ్మకం ధర కూడా కాదు. బ్లాకులోంచి ఒకసారి తీసేసిన లోహం మళ్లీ రాదు.

1798 సీసీ బ్లాకు సంగతి గుర్తుంచుకోండి. ఇది 1622 సీసీ ఇంజిన్‌ని సాగదీసి చేసినది. ఆ జాగాలోనే పెద్ద బోర్లు పట్టించడానికి 1, 2 సిలిండర్లను, 3, 4 సిలిండర్లను జంటలుగా కలిపేశారు. ఆ జంటల మధ్య నీళ్లు తిరిగే దారి లేదు. ఒరిజినల్ బోర్ 80.26 మి.మీ. మీరు 83.57కి పోతే వ్యాసంలో 3.3 మి.మీ. లోహం పోతుంది. పోత పోసినప్పుడు లోపలి అచ్చు కాస్త జరిగిన బ్లాకులు ఉన్నాయి, వాటిలో ఒకపక్క గోడ ముందే పలచగా ఉంటుంది. అది బయటికి కనపడదు.

ఇంత చేసి ఏం వస్తుంది? మీరు ఎలాగూ 1845కి వెళ్తున్నారు. అక్కడి నుంచి 1950కి తేడా 105 సీసీ, అంటే 6 శాతం లోపే. ఆ కాస్త కోసం బ్లాకు చివరి అవకాశాన్ని ఖర్చు పెట్టేయకండి. ఈరోజు 40 దగ్గర ఆగితే రేపు 60 థౌ మిగిలి ఉంటుంది. మీ తర్వాత ఈ కారు నడిపేవాళ్లకి కూడా ఒక బోర్ మిగల్చండి.

రెండోగేరు

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. పాతఇనుము గారూ, మీ లెక్క సరైనదే, కానీ మీరు కాపాడుతున్న ఆ "స్టాండర్డ్" ఏది?

నా బండి 1977 మోడల్. ఈ కార్లలో ఎక్కువ భాగం అమెరికాకే వచ్చాయి. ఇక్కడి పొగ నిబంధనల కోసం 1974 చివర్లో రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లు తీసేసి ఒకే ఒక్క స్ట్రాంబర్గ్ పెట్టారు, రబ్బరు బంపర్లు తగిలించి బండిని ఎత్తు పెంచారు. 1962లో 95 బీహెచ్‌పీ అని చెప్పుకున్న ఇంజిన్ మా దగ్గరికి వచ్చేసరికి అరవై చిల్లరకి పడిపోయింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంచాలంటే నేను ఆ గొంతు నులిమిన ఇంజిన్‌నే కాపాడాలి. దాంట్లో నాకు గౌరవం కనిపించదు.

ఇంకో సంగతి. ఈ ఇంజిన్‌ని ముందుగా ట్యూన్ చేసింది మనం కాదు, అబింగ్డన్ వాళ్లే. స్పెషల్ ట్యూనింగ్ అని అక్కడే ఒక విభాగం ఉండేది. కామ్‌లు, హెడ్లు, వెబర్ కార్బ్యురేటర్లు ఎవరికి కావాలంటే వాళ్లకి అమ్మారు. 1964 మాంటే కార్లో ర్యాలీలో మోర్లీ సోదరులు ఎంజీబీతో జీటీ విభాగం గెలిచారు. 1965 లె మాన్స్ 24 గంటల్లో హాప్‌కిర్క్, హెడ్జెస్ 11వ స్థానంలో ముగించారు. మరుసటి ఏడాది నర్‌బర్గ్‌రింగ్ 84 గంటల మారథాన్‌లో ఎంజీబీదే మొదటి స్థానం. ఇంజిన్‌ని పెంచుకోవడం ఈ కారు చరిత్రలో భాగం.

ఇది 5 లక్షలకు పైగా తయారైన కారు. బ్లాకులు ఇంకా దొరుకుతున్నాయి. మ్యూజియంలో ఒక్కటే మిగిలిన వస్తువుని తాకినట్టు భయపడక్కర్లేదు. 1950 కట్టించుకుని వేల్స్ కొండల్లో మూడో గేరులో లాగి చూడండి తమ్ముడూ, అప్పుడు తెలుస్తుంది.

ఎనిమిది_సిలిండర్లు

పవర్ కావాలంటే ఈ నాలుగు సిలిండర్ల మీద ఖర్చు దేనికి? ఫ్యాక్టరీయే 1973 నుంచి 1976 దాకా జీటీలో 3528 సీసీ రోవర్ వీ8 పెట్టి అమ్మింది. 137 బీహెచ్‌పీ. అంతకు ముందు ఎంజీసీలో ఇనుప సిక్స్ సిలిండర్ పెడితే ముక్కు బరువెక్కి తిట్లు తిన్నారు. వీ8 అల్యూమినియం కాబట్టి ఆ బాధ లేదు. మజ్దా ఎంఎక్స్-5 ఇంజిన్ పెట్టుకుని రోజూ ఆఫీసుకి వెళ్లేవాళ్లు కూడా ఉన్నారు.

పాతఇనుము

వీ8 జీటీ మంచి కారు, కాదనను. కానీ తయారైనవి 2591 మాత్రమే, అది వేరే కారు. థేమ్స్_గట్టు గారు ఉన్నది ఇంగ్లండ్‌లో. అక్కడ 40 ఏళ్లు దాటిన బండికి ఎంఓటీ (ఏటా బండి కండిషన్ చూసే) పరీక్ష మినహాయింపు ఉంది, కానీ 2018 మే నుంచి "గణనీయమైన మార్పు" చేసిన బండికి అది వర్తించదు. అదే ఇంజిన్‌లో సీసీ మారితే ఆ లెక్కలోకి రాదు. వేరే జాతి ఇంజిన్ పెడితే చిక్కు మొదలవుతుంది. ఏ మార్పు చేసినా ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పి తీరాలి, సీసీ పెంచినా సరే. అడిగిన ప్రశ్నలో ఇంజిన్ మార్పిడి లేదు కాబట్టి దీన్ని ఇక్కడితో వదిలేద్దాం.

రెండోగేరు గారికి. లె మాన్స్ మాట మీరే తెచ్చారు కనుక చెప్తున్నాను. ఆ కారు 24 గంటలు నడిచింది 1.8 లీటర్ల మీదే. వాళ్లు సాధించింది బోర్ పెంచి కాదు. హెడ్ పనితో, కామ్‌తో, తిరిగే భాగాల బ్యాలెన్సింగ్‌తో సాధించారు. ఎందుకంటే ఈ ఇంజిన్‌కి ఊపిరి అడ్డుపడేది హెడ్ దగ్గర.

కొత్తవాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తాను. నాలుగు సిలిండర్లకి పెట్రోల్ గాలి వెళ్లే దారులు రెండే. 1, 2 ఒక దారి పంచుకుంటాయి, 3, 4 ఇంకో దారి. పొగ పోయే దారులు మూడు, మధ్యలోది 2, 3 సిలిండర్లకి ఉమ్మడి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. అంటే 3 పీల్చగానే వెంటనే అదే దారిలో 4 పీలుస్తుంది. 2 పీల్చగానే 1. ఆ తర్వాత ఆ దారి దాదాపు ఒక చుట్టు ఖాళీగా ఉంటుంది. ఒకదాని వాటాని ఇంకొకటి లాక్కోవడం దీని పుట్టుకలోనే ఉంది. హెడ్ల డిజైనర్ హ్యారీ వెస్లేక్ గీసిన ఆ గుండె ఆకారపు మంట చాంబరు గొప్పదే, కానీ దారి ఇరుకు. ఇరుకు దారిని సరిచేయకుండా వెనక సిలిండర్ పెద్దది చేస్తే పై ఆర్‌పీఎంలో ఏమంత లాభం?

రెండోగేరు

పై ఆర్‌పీఎం కోసం ఎవరూ 1950 కట్టరు. 2000 నుంచి 3500 మధ్య టార్క్ కోసం కడతారు. రోడ్డు మీద మనిషి నడిపేది అక్కడే. అక్కడ దారి ఇరుకు అంతగా అడ్డు రాదు, సీసీయే పని చేస్తుంది. హెడ్ పని గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను, నేను రెండూ చేయించమంటున్నాను. మీ ఒరిజినల్ లోహం వాదనకి నా జవాబు ఒకే మాట: లైనర్ (బోర్ లోపల దించే కొత్త గొట్టం). 1950 కూడా అరిగిపోతే లైనర్లు వేసి 80.26కి తెచ్చుకోవచ్చు. తిరిగి రానిదేమీ లేదు.

బెజవాడ_గ్యారేజీ

లైనర్ మాట వచ్చింది కాబట్టి నేనూ రాస్తున్నాను. మా నాన్నగారిది విజయవాడలో అంబాసిడర్ల గ్యారేజీ. మీరు మాట్లాడుకుంటున్న బీ-సిరీస్ ఇంజిన్ మాకు చుట్టమే. అంబాసిడర్‌లో దాని 1489 సీసీ రూపం ఉండేది. దాని బోర్ 73 మి.మీ., స్ట్రోక్ 88.9. ఎంజీబీ స్ట్రోక్ కూడా సరిగ్గా 88.9. నేను ఎంజీబీ విప్పలేదు, కానీ ఫోటోల్లో లోపల చూస్తే అన్నీ తెలిసిన భాగాలే.

లైనర్ వేయడం మా దగ్గర మామూలు పని. బోర్ లిమిట్ దాటితే లైనర్ ప్రెస్ చేసి మళ్లీ స్టాండర్డ్‌కి తెస్తారు. కానీ లైనర్‌ని పట్టుకోవడానికి చుట్టూ లోహం ఉండాలి కదండీ. గోడ పలచనైతే లైనర్ దిగేటప్పుడే అది చిట్లే ప్రమాదం ఉంది. రెండు బోర్లు అతుక్కుని ఉన్న చోట ఇంకా జాగ్రత్త. 1489 బ్లాకులో మాకు దొరికిన చోటు ఆ 1798లో మిగలదు. కాబట్టి "లైనర్ ఉందిగా" అనే ధైర్యంతో బోర్ చేయొద్దు, "చేయొద్దు" అని గుడ్డిగానూ చెప్పొద్దు. అల్ట్రాసౌండ్‌తో గోడ మందం కొలిచే పరికరం ఉంటుంది. ప్రతి సిలిండర్‌కి పైన, మధ్యలో, కింద, నాలుగు వైపులా కొలిపించండి. పిస్టన్ ఒత్తిడి పడే పక్క గోడ ఎంత ఉందో చూశాకే మాట్లాడాలి.

అంతకంటే ముందు హెడ్ చూడండి. మధ్య సిలిండర్ల వాల్వ్ సీట్ల మధ్య క్రాక్ రావడం ఈ హెడ్లలో తరచూ చూసేదే. క్రాక్ టెస్ట్ చేయించకుండా హెడ్ మీద ఒక్క పౌండు కూడా పెట్టొద్దు. హెడ్ బాగుంటే ఎగ్జాస్ట్ వైపు గట్టి సీట్లు వేయించండి. పాత ఇంజిన్లలో సీటుని కాపాడింది పెట్రోల్‌లోని సీసమే. మన దేశంలో, అక్కడ కూడా 2000 నుంచి సీసం లేని పెట్రోలే. గట్టి సీటు లేకపోతే వాల్వ్ కొంచెం కొంచెంగా హెడ్‌లోకి దిగిపోతుంది, టాపెట్ (కామ్‌కీ వాల్వ్‌కీ మధ్య ఉండే భాగం) గ్యాప్ తగ్గిపోతూ ఉంటుంది.

థేమ్స్_గట్టు

బెజవాడ గారూ, చాలా థ్యాంక్సండీ. మీరు చెప్పినట్టే కొలిపించాను. హెడ్‌కి క్రాక్ లేదు, అది పెద్ద ఊరట. బ్లాకులో మూడు సిలిండర్లు బాగున్నాయి, రెండోదానికి మాత్రం ఒత్తిడి పడే పక్కనే గోడ మిగతా వాటికంటే పలచగా ఉంది. షాపాయన కూడా ఈ బ్లాకుకి 1950 వద్దన్నాడు. ఆ 1950 కావాలంటే వేరే బ్లాకు వెతుకుతానన్నాడు. దాంతో మళ్లీ టెన్షన్ మొదలైంది. వేరే బ్లాకు తీసుకోనా?

పాతఇనుము

ఒక్క ప్రశ్న. మీ బండికి ఓవర్‌డ్రైవ్ (అదే వేగానికి ఇంజిన్ తక్కువ తిరిగేలా చేసే అదనపు గేరు) ఉందా? ఆ రోజుల్లో అది అదనపు డబ్బుకి ఇచ్చేవాళ్లు.

థేమ్స్_గట్టు

లేదండీ. హైవే మీద 70 మైళ్ల దగ్గర ఇంజిన్ బాగా అరుస్తుంది.

పాతఇనుము

అయితే మీకు చాలనిది సీసీ కాదు, గేరు. ఓవర్‌డ్రైవ్ లేని టాప్ గేరులో ఈ కారు 1000 ఆర్‌పీఎంకి 18 మైళ్ల లోపే వెళ్తుంది, అంటే 70 దగ్గర దాదాపు 3900. ఓవర్‌డ్రైవ్ వేస్తే అదే వేగానికి 3200. లాంగ్ ట్రిప్పులో అలసట తీసేది, ఇంజిన్ ఆయుష్షు పెంచేది ఆ 700 తేడాయే. 1950కి పెట్టే డబ్బుని, రెండో బ్లాకు డబ్బుని దాని మీద పెట్టండి. అది ఆనాటి ఫ్యాక్టరీ భాగమే, మీ పాత గేర్‌బాక్సుని షెడ్డులో దాచుకుంటే ఎప్పుడైనా వెనక్కి మార్చుకోవచ్చు.

ఇంజిన్‌కి 40 థౌ పిస్టన్లు, క్రాంకు నుంచి ఫ్లైవీల్ దాకా బ్యాలెన్సింగ్, గట్టి సీట్లు, పోర్టుల్లో పోత గరుకు తీసేసే మేరకు హెడ్ పని. ఎస్‌యూలు అలాగే ఉంచండి, కొత్త హెడ్‌కి తగ్గ సూదులు రోలింగ్ రోడ్ (బండిని రోలర్ల మీద నడిపి కొలిచే యంత్రం) మీద చూసి మార్చుకుంటే చాలు. ఇథనాల్ పడని పాత పెట్రోల్ గొట్టాలు కూడా ఇప్పుడే మార్చేయండి, 2021 నుంచి మీ బంకుల్లో మామూలు పెట్రోల్ ఈ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిపినది) కదా.

రెండోగేరు

ఓవర్‌డ్రైవ్ మీద నాకు గొడవ లేదు, తప్పకుండా వేయించండి. గోడ పలచన అని తేలాక ఆ బ్లాకుని 1950కి కోయమని నేనూ చెప్పను. కానీ వేరే బ్లాకు వద్దన్న సలహాతో ఏకీభవించను. నంబరున్న అసలు బ్లాకుని గ్రీజు పూసి భద్రంగా పెట్టుకుని, గోడ బలంగా ఉన్న ఇంకో బ్లాకు మీద 1950 కడితే పాతఇనుము గారి భయం ఒక్కటి కూడా మిగలదు, చరిత్రా పోదు. కొండల్లో నడిపే ఆనందం 700 ఆర్‌పీఎం తగ్గిస్తే రాదు.

థేమ్స్_గట్టు

ఇద్దరి మాటా విన్నాను. ప్రస్తుతానికి ఈ బ్లాకునే 40 థౌతో, బ్యాలెన్సింగ్‌తో, గట్టి సీట్లతో కట్టిస్తున్నాను. ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్సు కోసం వెతకడం మొదలుపెట్టాను. రెండోగేరు అన్నా, బలమైన బ్లాకు ఎక్కడైనా సరసమైన ధరకి తగిలితే మాత్రం కొని పక్కన పెడతాను. కామ్ ఒక్కటి ఇంకా తేల్చుకోలేదు. స్టాండర్డ్ ప్రొఫైలే కొత్తది వేయనా, కాస్త చురుకైనది వేయనా?

బెజవాడ_గ్యారేజీ

ఏది వేసినా టాపెట్లు కూడా కొత్తవే వేయండి, పాతవి కొత్త కామ్ మీద పెట్టొద్దు. కామ్‌కి అసెంబ్లీ పేస్టు బాగా పూయండి, జింక్ ఎక్కువున్న 20డబ్ల్యూ-50 ఆయిల్ పోయండి. ఇప్పటి కార్ల ఆయిల్‌లో జింక్ తగ్గించేశారు, ఇలాంటి ఫ్లాట్ టాపెట్లకి అది చాలదు. స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ గేజి కదిలేదాకా స్టార్టర్‌తో తిప్పండి. అంటుకున్నాక ఐడిల్‌లో వదలొద్దు, వెంటనే 2000 పైకి తెచ్చి ఇరవై నిమిషాలు అటూ ఇటూ మారుస్తూ ఉంచండి. ఐడిల్‌లో కామ్ మీద ఆయిల్ సరిగా చిమ్మదు, మొదటి నిమిషాల్లోనే కొత్త కామ్ అంచు అరిగిపోతుంది. ఆ ఆయిల్ వేడి మీదే దింపేసి కొత్త ఫిల్టర్ వేయండి. హెడ్ బోల్టులు, టాపెట్ గ్యాపు కొంత దూరం తిరిగాక మళ్లీ చూసుకోవాలి. ప్రొఫైల్ సంగతి మాత్రం ఆ ఇద్దరినీ అడగండి.