పంచాయతీ తీర్మానంతో వైన్ షాపును ఆపగలమా?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లె. మా ఊరి బడికి వెళ్లే దారిలోనే వైన్ షాపు పెట్టారు. సాయంత్రం ఆడపిల్లలు ట్యూషన్ నుంచి వచ్చేసరికి అక్కడ తాగి పడి ఉంటున్నారు. పిల్లలు ఇల్లు చేరేదాకా మాకు టెన్షనే.

డ్వాక్రా ఆడవాళ్లమంతా పట్టుబట్టి గ్రామసభలో షాపు వద్దని తీర్మానం చేయించాం. సర్పంచ్ గారు సంతకం పెట్టారు. ఆఫీసుకు తీసుకెళ్తే, లైసెన్స్ ఇచ్చేది 1968 ఎక్సైజ్ చట్టం కింద రాష్ట్రం, మీ పంచాయతీ మాట చెల్లదు అన్నారు. టీ కొట్టుకు, పిండిమరకు పంచాయతీ అనుమతి కావాలి గానీ సారా కొట్టుకు అక్కర్లేదా? ఈ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు.

పక్కనే మన్యంలో, షెడ్యూల్డ్ ఏరియా (గిరిజన ప్రాంతంగా ప్రకటించిన చోటు) గ్రామసభలకు మద్యాన్ని నియంత్రించే అధికారం 1996 పెసా చట్టం ఇచ్చిందట. మాది మైదానం, అది వర్తించదు.

తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి: బడికీ షాపుకీ మధ్య ఉండాల్సిన దూరం రోడ్డు వెంట కొలుస్తారా, నేరుగానా? బడి గేటు నుంచా, గోడ నుంచా? కలెక్టర్ గారి ప్రజా ఫిర్యాదుల వేదికలో తీర్మానం కాపీ పెడితే సరిపోతుందా, హైకోర్టుకే వెళ్లాలా? మీ ఊళ్లో ఎవరైనా షాపును మార్పించి ఉంటే, అర్జీ ఎలా రాశారో చెప్పండి.